మంత్రిగారు గీసిన గేటు

ప్రాంతీయ రక్తకణ పరిశీలనా సంస్థకు కొత్త యంత్రం వచ్చిన రోజున అందరూ కలిసి రిబ్బను మర్చిపోయారు. పూలదండలు ఉన్నాయి. జీడిపప్పు ఉంది. మంత్రిగారు కూడా వేళకే వచ్చారు. పళ్లెంలో కత్తెర ఉంది. మంత్రిగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశారు. కత్తిరించడానికి ఏమీ కనపడలేదు.

డైరెక్టరు గరుడాచలంగారికి చెమటలు పట్టాయి. చెమట పట్టినప్పుడే ఆయన బుర్ర పనిచేస్తుంది.

"రిబ్బను పాత పద్ధతి సార్. ఈ యంత్రానికి తమరు స్వహస్తాలతో గేటు గీయాలి" అన్నారు.

"గేటా? గీయడమేంటయ్యా?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరు పక్కకు చూశారు. పక్కన డాక్టర్ వకుళ నిలబడి ఉంది. యంత్రం బాధ్యత ఆమెదే. ఇలాంటివి చెప్పవలసి వస్తే డైరెక్టరుగారు ఎప్పుడూ ఆమె వైపే చూస్తారు.

వకుళ చెప్పింది. ఈ యంత్రం రక్తంలోని కణాలను సన్నటి నీటిధారలో ఒకదాని వెనక ఒకటిగా నడిపిస్తుంది. దారిలో లేజరు దీపం ఉంటుంది. కణం మీద పడ్డ వెలుగు కొంత ముందుకు పోతుంది, కొంత పక్కకు చెదురుతుంది. ముందుకు పోయిన వెలుగును బట్టి కణం ఎంత పెద్దదో తెలుస్తుంది. పక్కకు చెదిరిన వెలుగును బట్టి దాని లోపల ఎంత గరుకుగా ఉందో తెలుస్తుంది. ఒక్కో కణానికి తెర మీద ఒక్కో చుక్క పడుతుంది. ఒక జాతి చుక్కలన్నీ ఒకచోట గుమిగూడతాయి. మనకు కావలసిన గుంపు చుట్టూ గీత గీస్తే దాన్నే గేటు అంటారు. యంత్రం గేటు లోపలి కణాలనే లెక్కపెడుతుంది. బయటివి ఉన్నా లేనట్టే.

"మా అసెంబ్లీ లాగే ఉంది" అన్నారు మంత్రిగారు. అందరూ నవ్వారు. ఆయన ధైర్యంగా చెయ్యి చాపి తన రక్తమే ఇచ్చారు. చుక్కలు పడ్డాయి. ఆయన మౌసు పట్టుకుని గుంపు చుట్టూ గీత గీశారు. మౌసు కొంచెం పక్కకు జారింది. గేటు వంకాయ ఆకారంలో వచ్చింది. చప్పట్లు కొట్టారు.

అంతటితో అయిపోవలసింది. కానీ సంస్థలో పానకాలరావుగారనే పరిపాలనాధికారి ఉన్నారు. ఏదైనా అయిపోతుంటే ఆయన చూస్తూ ఊరుకోలేరు. మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది.

"గౌరవ మంత్రివర్యుల అమృతహస్తములచే ఆవిష్కరింపబడిన సదరు గేటును జరుపుటగాని, పెంచుటగాని, తగ్గించుటగాని, తుడిచివేయుటగాని సంస్థ ఉద్యోగులెవ్వరూ చేయరాదు. ఇకముందు ముఖ్య అతిథి లేనిదే సంస్థలో ఏ గేటూ గీయబడదు."

తెర కింద ఇత్తడి పలక బిగించారు. గేటుకు తాళం వేశారు. అంటే, దాన్ని మార్చాలంటే కొట్టవలసిన రహస్య పదం డైరెక్టరుగారికి ఒక్కరికే తెలుసు. రెండోనాటికి ఆయనా మర్చిపోయారని కొందరంటారు.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. అప్పట్లో యంత్రానికి వచ్చేది తాజా రక్తం. ప్రాణమున్న కణాలు. ఎవరి కణాలైనా కొంచెం అటూ ఇటూగా మంత్రిగారి కణాలు పడిన చోటే పడేవి. ఆ విషయంలో రక్తానికి హోదాలు లేవు.

తర్వాత కొత్త మాత్రలు వచ్చాయి. రక్తంలో ఒక జాతి కణాలు పాడైపోయి, వాటి లోపల ఉండకూడని పదార్థం ఊరుతూ ఉండే జబ్బుకు ఆ మాత్రలు. రోగికి మాత్రలు ఇవ్వాలంటే పదార్థం ఉన్న కణాలు నూటికి ఎన్నో సంస్థ తేల్చాలి. దానికి కణం లోపలికి చూడాలి.

కణం లోపలికి చూడటం అంత తేలిక కాదు. ముందు దాన్ని ఫార్మలిన్ లాంటి మందులో వేసి ఉన్నది ఉన్నట్టుగా బిగుసుకుపోయేలా చెయ్యాలి. తర్వాత సబ్బు లాంటి మందు పోసి దాని పైపొరకు కంటికి కనపడని చిల్లులు పొడవాలి. ఆ చిల్లుల్లోంచి రంగు లోపలికి దూరి, పదార్థం ఉంటే దానికి అంటుకుంటుంది. ఇంత జరిగాక ఏ కణమైనా మునుపటిలా ఎలా ఉంటుంది? కుంచించుకుపోతుంది. వెలుగును వేరే రకంగా చెదరగొడుతుంది. తెర మీద గుంపుకు గుంపే ఎడమకీ కిందికీ జారిపోతుంది. కణాలు ఎక్కడికీ పోవు. చుక్క పడే చోటు మారుతుంది, అంతే. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? గేటును అక్కడికి జరుపుతారు.

ఇక్కడ జరపకూడదు.

అలా మందులో వేసి చిల్లులు పొడిచి యంత్రం ఎక్కించిన మొదటి రక్తం నూకరత్నానిది. ఆమె ఆర్టీసీ కండక్టరు. జబ్బు ముదిరే దాకా డ్యూటీ మానలేదు. వకుళ తెర వైపు చూసింది. వంకాయ ఖాళీగా ఉంది. దాని కింద, ఎడమ పక్కన, చుక్కలన్నీ గుంపుగా నిలబడి ఉన్నాయి. యంత్రం తన పని తాను చేసుకుపోయి కాగితం బయటికి తోసింది.

"గేటులో కణాలు: సున్నా. జబ్బు కణాలు: సున్నా."

ఆ కాగితం వకుళ కంటే ముందు పానకాలరావుగారి చేతికి వెళ్లింది. ఆయన దాన్ని చదివి నూకరత్నాన్ని పిలిపించారు.

"శుభవార్తమ్మా. నీకు జబ్బు కణాలు లేవు. కాబట్టి మాత్రలు అవసరం లేదు."

నూకరత్నం కాగితాన్ని దూరంగా పెట్టి చదివింది. "జబ్బు కణాలు లేవని కాదండీ, అసలు కణాలే లేవని రాశారు కదండీ ఇందులో?"

"అవీ లేవు."

"అంటే నా ఒంట్లో రక్తం లేదాండీ?"

"సంస్థ రికార్డు ప్రకారం లేదు."

"అయితే రాత్రి మా ఇంట్లో దోమలు ఏం తాగి వెళ్లాయో కనుక్కోండి బాబూ!" అని ఆమె గొంతు పెంచింది. బస్సు వెనక సీటు దాకా వినిపించే గొంతు అది. వరండాలో ఉన్నవాళ్లంతా తొంగి చూశారు. "సాయంత్రమయ్యేసరికి జ్వరం కాలిపోతుందండీ. చంకలో గడ్డలు చూపించమంటారా? మాత్రలు పడితే మళ్లీ బస్సెక్కుతానని డాక్టర్లు చెప్పారు. పడకపోతే ఏమవుద్దో కూడా చెప్పారు. అది మీకు చెప్పమంటారా?"

పానకాలరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జ్వరం మా పరిధిలోకి రాదమ్మా."

వకుళ డైరెక్టరుగారి గదికి వెళ్లింది. మందులో వేసిన కణాల మీద వెలుగు ఎలా మారుతుందో చెప్పింది. బొమ్మ గీసి చూపించింది. గేటు నాలుగు వేళ్లు కిందికి జరిపితే చాలంది. గరుడాచలంగారు ఎదురుగా ఉన్న మనిషి సంతోషించేలా తల ఊపుతూ విన్నారు. ఆయనా ఒకప్పుడు ఇదే చదువు చదివారు. కుర్చీలో కూర్చున్నాక మానేశారు.

"చూడు వకుళా. గేటు నిన్నా ఉంది, ఇవాళా ఉంది. కదలలేదు. కదిలింది కణాలు. మరి తప్పు ఎవరిది?"

"తప్పు ఎవరిదీ కాదు సార్. మందు పడితే కణాలు అలాగే..."

"కణాలు క్రమశిక్షణ తప్పితే సంస్థ తన గేటు మార్చుకోవాలా? రేపు ఇంకో కణం ఇంకోచోట నిలబడుతుంది. అప్పుడు? దీనికి ఒక కమిటీ వేద్దాం."

కమిటీ వేశారు. ముగ్గురే సభ్యులు. డైరెక్టరుగారు, పానకాలరావుగారు, వకుళ. అది కూర్చునేలోపు ఇంకెందరో రోగులకు సున్నాలే వచ్చాయి. పెద్ద బల్ల, సమోసాలు. కణములు గేటు బయట నిలుచు సమస్యపై చర్చ.

"కణములు కుంచించుకుపోకుండా చర్యలు తీసుకొనవలెను" అని మొదలుపెట్టారు పానకాలరావుగారు. "అసలు ఆ మందు ఎందుకమ్మా? మంచినీళ్లు వాడలేమా?"

"మంచినీళ్లు పోస్తే పగిలిపోతాయండీ."

"అదీ క్రమశిక్షణారాహిత్యమే." ఆయన రాసుకున్నారు. "పోనీ, కుంచించుకుపోయాక మళ్లీ ఉబ్బేలా ప్రోత్సహించగలమా?"

వకుళ చేతిలోని సమోసా పళ్లెంలో పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "గేటు జరపకూడదని ఉత్తర్వు ఉంది. కణాలను జరపకూడదని ఉందా సార్?"

పానకాలరావుగారు ఉత్తర్వు తెరిచి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివారు. "కణముల జరుపుదలపై ఎట్టి నిషేధమూ లేదు" అన్నారు.

"యంత్రం వెలుగును ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే మీట ఒకటుంది. దాన్ని పెంచితే చుక్కలన్నీ పైకీ కుడికీ జరుగుతాయి. గేటులోకి వచ్చేస్తాయి."

"గేటు కదలదా?"

"వెంట్రుకంత కూడా కదలదు."

ఇది అందరికీ నచ్చింది. గేటు నిలబడుతుంది, చుక్కలే దాని దగ్గరికి వస్తాయి. సంస్థ గౌరవానికి తగ్గట్టు ఉంది. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. వకుళ అప్పటికప్పుడు వెళ్లి మీట పెంచి నూకరత్నం కణాలను మళ్లీ నడిపించింది. చుక్కలు పైకి పాకి వంకాయలో నిండాయి. నూటికి నలభై ఒకటి జబ్బు కణాలు. ఆమె కాగితం పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. సంతకం అయితే మాత్రలు ఇవ్వొచ్చు.

సంతకం కాలేదు. ఆమె వెళ్లి వచ్చేలోపు పైనుంచి ఫోను వచ్చింది.

గేటు ఖాళీగా ఉన్నన్నాళ్లూ సంస్థ పంపిన నివేదికలన్నీ పైవాళ్లు చదివారట. చిల్లులు పొడిచిన ప్రతి రక్తంలోనూ జబ్బు కణాలు సున్నా. అంటే వచ్చిన ప్రతి రోగికీ నయమైపోయింది. ఒక్క మాత్ర ఖర్చు కాకుండా నయమైంది. దేశంలో ఇలాంటి సంస్థ ఇంకొకటి లేదని తేల్చారు. యంత్రం వార్షికోత్సవం నాడు మంత్రిగారే వచ్చి ఉత్తమ సంస్థ పురస్కారం ఇస్తారు.

గరుడాచలంగారు వకుళ చేతిలోని కాగితాన్ని చూశారు. పాము పడగ చూసినట్టు చూశారు.

"ఈ నలభై ఒకటి ఇప్పుడు బయటికి రాకూడదు వకుళా. ఉత్సవం అయ్యాక చూద్దాం."

"ఆవిడ ఒంట్లో ఓపిక లేదు సార్."

"ఎంతోకాలం కాదు. ఇంకో మాట. ఇవాళ్టి నుంచి ఉత్సవం పూర్తయ్యేదాకా ఆ యంత్రంలో ఏదీ ముట్టుకోవద్దు."

"సార్, మీట ఇప్పుడు పైన ఉంది. దాన్ని దించకపోతే తాజా రక్తానికి..."

"ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దు. పానకాలరావుగారూ, ఉత్తర్వు రాయండి."

ఉత్తర్వు వచ్చింది. వకుళ దాన్ని రెండుసార్లు చదివింది. మీట వైపు చూసింది. గది తాళం పానకాలరావుగారు తీసుకెళ్లారు.

వార్షికోత్సవం రోజున ఈసారి రిబ్బను మర్చిపోలేదు. రెండు తెచ్చారు. వేదిక మీద నయమైన రోగి ఒకరు కూర్చోవాలని పానకాలరావుగారు అనుకున్నారు. జాబితాలో మొదటి పేరు నూకరత్నం. ఆమెను కారు పంపి పిలిపించారు. జ్వరంతో కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వకుళ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. చెయ్యి పెనంలా కాలుతోంది.

"ఇంత జ్వరంలో ఎందుకొచ్చారండీ?"

"నయమైనోళ్లకి సన్మానమంటే వచ్చానండీ మేడంగారూ. నయం ఎలాగుంటదో చూద్దారని" అంది నూకరత్నం. నవ్వబోయి దగ్గింది.

మంత్రిగారు వచ్చారు. దండలు అయ్యాయి. గరుడాచలంగారు సంస్థ సాధించిన విజయాలను వివరించారు. పానకాలరావుగారు నూకరత్నం ముందు మైకు పెట్టి, "మన సంస్థ వల్ల మీకు కలిగిన మేలు గురించి రెండు ముక్కలు" అన్నారు.

నూకరత్నం లేవలేదు. కూర్చునే మాట్లాడింది. "నాకు జబ్బు పోయిందన్నారండీ. అది ఈ ఊళ్లో ఒక్క నాకే తెలీదండీ. జ్వరం తగ్గలేదు, గడ్డలు తగ్గలేదు. మాత్రలివ్వండంటే రక్తమే లేదంటున్నారు. ఇంతేనండీ నేను చెప్పేది."

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకు సరిగా వినపడలేదు. మంత్రిగారికి వినపడింది. ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలి, మాట మార్చడానికి, "ఏదీ, మన యంత్రం చూద్దాం పదండి. ఇవాళ కూడా నా రక్తమే పెట్టండి. నా గేటులో నేను ఎలా ఉన్నానో చూసుకుంటాను" అన్నారు.

గరుడాచలంగారికి అది గొప్ప ఆలోచనగా తోచింది. వకుళకు తోచలేదు.

"సార్, ముందు మీట దించనివ్వండి" అంది.

"ఉత్సవం ఇంకా పూర్తి కాలేదు" అన్నారు పానకాలరావుగారు.

రక్తం తీశారు. తాజా రక్తం. ఫార్మలిన్ లేదు, చిల్లుల్లేవు. మంత్రిగారి కణాలు నిండుగా, కులాసాగా దీపం ముందుకు వచ్చాయి. మీట పైనే ఉంది. చుక్కలు వంకాయను దాటి, తెర చివరికంటా పోయి, కుడివైపు అంచుకు అతుక్కుపోయాయి. గేటులో ఒక్కటి మిగల్లేదు. యంత్రం కాగితం తోసింది.

పానకాలరావుగారు అలవాటుగా దాన్ని అందుకుని చదివారు. చదివి, అలవాటుగానే చెయ్యి చాపారు.

"అభినందనలు సార్! తమకు పూర్తిగా నయమైంది."

మంత్రిగారు ఆ చెయ్యి వైపు చూశారు. "నాకు జబ్బు ఎప్పుడొచ్చిందయ్యా?"

"రికార్డు ప్రకారం ఇప్పుడు లేదు సార్."

"కణాలు సున్నా అని ఉందేంటిది? నా గేటులో నేనే లేనా?"

గరుడాచలంగారికి చెమటలు పట్టాయి కానీ, ఈసారి బుర్ర పనిచెయ్యలేదు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న నూకరత్నమే మాట్లాడింది.

"కంగారు పడకండి బాబూ. నాకూ ఇదే రాశారు. మొదట్లో కొంచెం బాధగా ఉంటాది. తర్వాత అలవాటైపోద్ది."

మంత్రిగారు ఆమెను చూశారు. కాగితాన్ని చూశారు. తర్వాత వకుళను చూశారు. ఆమె చెప్పింది. నూకరత్నం కణాలు మందులో బిగుసుకుని, చిల్లులు పడి, చిన్నవై కిందికి జారాయని చెప్పింది. వాటిని పైకి లాగడానికి మీట పెంచితే మీవి హద్దు దాటిపోయాయంది. మీకూ కణాలున్నాయి, ఆమెకూ ఉన్నాయి. గేటు ఒక్కటే ఉంది. పచ్చి కణాలకు ఒక గేటు, మందు పడిన కణాలకు ఇంకో గేటు ఉంటే ఇద్దరూ కనపడతారు. మీట ఒకచోట నిలిచి ఉంటే చాలు.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

"ఇంకో గేటు ఎవరు గీయాలి?"

"ముఖ్య అతిథి" అన్నారు పానకాలరావుగారు, నేల చూపులు చూస్తూ.

మంత్రిగారి ముఖం విప్పారింది. ఆయనకు గీయడం ఇష్టం. మొదటిసారి వంకాయ వచ్చిందన్న సంగతి ఆయనకూ తెలుసు. సంవత్సరమంతా మనసులో పెట్టుకున్నారు. వకుళ మీట దించింది. నూకరత్నం కణాలు మళ్లీ నడిచి వంకాయ కింద గుమిగూడాయి. మంత్రిగారు నాలుక పంటి కింద పెట్టుకుని వాటి చుట్టూ గీశారు. ఈసారి దొండకాయ వచ్చింది. నూటికి నలభై ఒకటి. కాగితం మీద గరుడాచలంగారు అక్కడే నిలబడి సంతకం చేశారు. మాత్రల డబ్బా నూకరత్నం చేతికి వచ్చింది. ఆమె అక్కడే మూత తీసి ఒకటి వేసుకుంది. మంచినీళ్లు మంత్రిగారి బల్ల మీదవి.

పురస్కారం ఆగుతుందని వకుళ అనుకుంది. ఆగలేదు. రాష్ట్రంలో రెండు గేట్ల యంత్రమున్న ఏకైక సంస్థగా ప్రకటించి అదే పురస్కారం ఇచ్చారు. రెండో ఇత్తడి పలక బిగించారు.

మాత్రలు పడ్డాక నూకరత్నం జ్వరం తగ్గింది. గడ్డలు కరిగాయి. మళ్లీ బస్సెక్కింది. కోర్సు పూర్తయ్యాక ఆఖరి పరీక్ష ఉంది. అందులో జబ్బు కణాలు దాదాపు లేవని తేలితేనే మాత్రలు ఆపాలి, లేకపోతే ఇంకో కోర్సు. ఆ పరీక్షకు చూడవలసిన పదార్థం కణం లోపల మరీ లోతున ఉంటుంది. సబ్బు మందు చాలదు, మెథనాల్ పొయ్యాలి. మెథనాల్ పోస్తే కణాలు ఇంకోలా మారతాయి. చుక్కలు వంకాయలోనూ ఉండవు, దొండకాయలోనూ ఉండవు. మూడోచోట పడతాయి.

వకుళ ఆ మాట రాసి పంపింది. పానకాలరావుగారి నుంచి జవాబు వచ్చింది. "మెథనాల్ కణముల గేటు ఆవిష్కరణకు గౌరవ మంత్రివర్యుల తేదీ కోరడమైనది. వారు ప్రస్తుతము విదేశీ పర్యటనలో ఉన్నారు. తదుపరి వంతెనలు, కళాశాలలు, ఒక చేపల మార్కెట్టు ఉన్నవి. వేచి ఉండవలెను."

ఈసారి వకుళ వేచి ఉండలేదు. పానకాలరావుగారి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముఖ్య అతిథి అంటే మంత్రిగారే అయ్యుండాలని ఉత్తర్వులో ఉందాండీ?"

ఆయన ఉత్తర్వు తెరిచారు. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ముఖ్య అతిథి యొక్క హోదా నిర్వచింపబడలేదు" అన్నారు. ఆయన గొంతులో కొంచెం బాధ, కొంచెం ఉత్సాహం. "పిలిస్తే రావాలి. దండ వేయించుకోవాలి. అంతే ఉంది."

"మంగళవారం ఖాళీగా ఉండే ముఖ్య అతిథి ఒకరున్నారు. ఆ రోజు ఆవిడకి వారపు సెలవు."

మంగళవారం నూకరత్నం వచ్చింది. ఖాకీ చొక్కా కాదు, ఆకుపచ్చ చీర కట్టింది. పానకాలరావుగారు దండ వేసి, "గౌరవ ముఖ్య అతిథి నూకరత్నంగారిని సవినయముగా ఆహ్వానించుచున్నాము" అని చదివారు. గరుడాచలంగారు చప్పట్లు కొట్టారు. ఆవిడను ఎక్కడో చూసినట్టుందే అనుకున్నారు.

నూకరత్నం తెర ముందు కూర్చుంది. వకుళ ఆమె కణాలను నడిపించింది. చుక్కలు ఒక్కొక్కటీ వచ్చి పడుతున్నాయి.

"ఇవన్నీ నాయేనాండీ?"

"మీవే."

"ఇంతమందున్నారే! సున్నా అన్నారు కదండీ ఆ రోజు." ఆమె మౌసు పట్టుకుంది. దారం కట్టినంత ఒద్దికగా గుంపు చుట్టూ గీత తిప్పి మొదలు దగ్గరికి తెచ్చి కలిపింది. వంకాయ రాలేదు, దొండకాయ రాలేదు. గుంపు ఎలా ఉందో గేటు అలాగే వచ్చింది.

యంత్రం లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వకుళ కాగితం వచ్చే చోట చెయ్యి పెట్టి నిలబడింది. ఇంకో కోర్సో, ఇక చాలో, ఆ కాగితం చెప్పాలి. పానకాలరావుగారు సైతం మెడ చాచి చూస్తున్నారు. కాగితం వచ్చింది. జబ్బు కణాలు నూటికి ఒకటి కూడా లేవు. ఈసారి నిజంగా లేవు.

వకుళ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చూసుకుంది. కాగితం నూకరత్నానికి ఇచ్చింది. ఆమె దూరంగా పెట్టి చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. పైటతో ముక్కు తుడుచుకుంది. గొట్టంలో మిగిలిన కణాలకు అప్పటికీ తెర మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. నాలుగైదు మాత్రం గీత దగ్గరే, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగాయి.

నూకరత్నం వాటి వైపు తిరిగింది.

"లోపల ఖాళీ ఉందండీ, లోపలికి జరగాలి! గుమ్మం దగ్గర నిలబడకండమ్మా!"

ఆ కేక సంస్థ అంతా వినపడింది. వరండాలో నిలబడి ఉన్న రోగులు తమ సంగతే అనుకుని నాలుగడుగులు లోపలికి జరిగారు.